డుమువులు మారిన వాక్యం: తెలుగు పరిశోధన రచనలో గ్రంథచౌర్యం

వ్యాస సంగ్రహం: విద్యార్థుల పరిశోధన రచనలో గ్రంథచౌర్యాన్ని పోలిక శాతంతో కొలిచే పద్ధతి తెలుగు విషయంలో ఎందుకు విఫలమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భాషాస్వరూపం, లిపి సాంకేతికత, గ్రాంథిక వ్యావహారికాల భేదం ఈ వైఫల్యానికి కారణాలని చూపి, సిద్ధాంత వ్యాసానికి మనం నిర్దేశించిన చట్రమే చౌర్యానికి దారి తీస్తున్నదని వాదిస్తుంది. పూర్వపక్ష రచనను బోధనా పద్ధతిగా ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రంథచౌర్యం, హరణం, సంవాదం, పోలిక శాతం, పూర్వపక్షం, సిద్ధాంత వ్యాసం.

1. ప్రవేశిక

శ్రీనాథుడు శ్రీహర్షుని నైషధీయచరితాన్ని శృంగారనైషధంగా తెనిగించి వినిపించగా, డుమువులు తాను తీసుకొని తమ నైషధం తమకు ఇచ్చెయ్యమని సంస్కృత పండితులు పరిహసించారని ఒక చాటుకథ ప్రచారంలో ఉంది. కథకు చారిత్రకాధారం లేకపోయినా అందులోని ఆరోపణ స్పష్టమైనదే. శబ్దం పరాయిది, ప్రత్యయం మాత్రమే సొంతమన్నది దాని సారాంశం. శ్రీనాథుని విషయంలో ఈ ఆరోపణ నిలవదు. తాను ఎవరి కావ్యాన్ని తెనిగిస్తున్నాడో ఆయన దాచలేదు. ఏ పద్ధతిలో తెనిగించాడో కావ్యం చివర వివరించాడు కూడా. పాఠకుడు రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టుకొని, ఏది శ్రీహర్షునిదో ఏది శ్రీనాథునిదో స్వయంగా నిర్ణయించుకోవచ్చు.

ఆ చాటుకథలోని పరిహాసం శ్రీనాథునికి తగలకపోయినా, నేటి తెలుగు శాఖల్లో వెలువడే వ్యాసాలకు చాలాచోట్ల తగులుతుంది. ఎం.ఏ. ప్రాజెక్టు నివేదిక నుంచి పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం దాకా, పూర్వ విమర్శకుని వాక్యాన్ని తీసుకొని ప్రత్యయాలు మార్చి, అతని పేరు మాత్రం వదిలేసే రచన మనకు పరిచితమే. దీన్ని విద్యార్థి నైతిక లోపంగా భావించి శిక్షించడం ఒక మార్గం. యంత్రానికి అప్పగించి శాతం చూసి ఊరుకోవడం మరో మార్గం. రెండూ అవసరమైన సందర్భాలు ఉండవచ్చు. అయితే తెలుగు రచనలో చౌర్యం ఏ రూపంలో జరుగుతున్నది, ఎందుకు జరుగుతున్నది అన్న ప్రశ్నలకు ఈ రెండింటిలోనూ సమాధానం లేదు. ఆ ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

2. నిబంధన, అంకె, తెలుగు వాక్యం

ఉన్నత విద్యాసంస్థల్లో గ్రంథచౌర్య నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 జులైలో నిబంధనలు ప్రకటించింది. ఇతరుల కృషిని గాని భావాన్ని గాని తీసుకొని తనదిగా చెలామణి చేయడమే గ్రంథచౌర్యమని వాటి నిర్వచనం. నిర్వచనంలో ‘భావం’ అన్న మాట ఉన్నదని గుర్తుంచుకోవాలి. శిక్షల విభాగానికి వచ్చేసరికి భావం తప్పుకొని అంకె ప్రవేశిస్తుంది. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 దాటి 60 శాతం వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలు లేదు. 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది. పట్టా ఇచ్చిన తరువాత చౌర్యం రుజువైతే ఆ పట్టాను నిలుపుదల చేయవచ్చు. రచన చౌర్యరహితమని పర్యవేక్షకుడు ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే విద్యార్థి భవిష్యత్తు, ఆచార్యుని సంతకం రెండూ ఈ అంకె మీద ఆధారపడ్డాయి.

ఈ అంకె తెలుగులో ఏమి కొలుస్తున్నది? ఉమ్మడి జ్ఞానాన్ని, యాదృచ్ఛికంగా కలిసే పదాలను వరుసగా పద్నాలుగు మాటల వరకు లెక్కలోకి తీసుకోనక్కరలేదని నిబంధన. ఇంగ్లీషులో పద్నాలుగు మాటలు ఒక మోస్తరు వాక్యం. తెలుగులో విభక్తి ప్రత్యయాలు, అసమాపక రూపాలు, సహాయక క్రియలు మాటలోనే కలిసిపోతాయి. ‘రాయవలసివచ్చినప్పటికీ’ అన్నది మనకు ఒకే మాట. ఇంగ్లీషులో అదే అర్థానికి అయిదారు మాటలు కావాలి. ఈ లెక్కన పద్నాలుగు తెలుగు మాటలంటే తరచు రెండు పూర్తి వాక్యాలు, ఒక్కోసారి ఒక విమర్శకుని మొత్తం ప్రతిపాదన. అదే రూపాన్ని ఒకరు ‘రాయవలసి వచ్చినప్పటికీ’ అని విడదీసి రాస్తారు. ఖాళీ మారితే మాటల సంఖ్య మారుతుంది, పోలిక వరుస తెగుతుంది. సంధి కలపడం, విడదీయడం మన రచనలో ఇంకా స్థిరపడని విషయం. అలాంటి భాషలో మాటల వరుసను ప్రమాణం చేసుకోవడమంటే సాగే తాడుతో పొలం కొలవడమే.

సాంకేతిక కారణాలు మరికొన్ని ఉన్నాయి. యూనికోడ్ వాడుక స్థిరపడకముందు మన గ్రంథాలు, సిద్ధాంత వ్యాసాలు ఎక్కువగా అను వంటి ఫాంట్లలో అక్షరకూర్పు పొందాయి. కంటికి తెలుగుగా కనిపించే ఆ పుట యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. అంతకు ముందరి ముద్రిత విమర్శ చాలావరకు స్కాన్ చేసిన బొమ్మల రూపంలోనే అంతర్జాలంలో ఉంది. శోధ్‌గంగ భాండాగారంలో చేరిన తెలుగు వ్యాసాలకూ ఈ పరిమితి వర్తిస్తుంది. 2019లో మొదలైన శోధ్‌శుద్ధి పథకం ద్వారా పోలిక పరీక్షా సాధనాలు విశ్వవిద్యాలయాలకు అందాయి గాని, సాధనం చదవలేని గ్రంథంతో పోలిక చూపడం ఏ సాధనానికీ సాధ్యం కాదు.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. ప్రబంధం మీద పరిశోధించే విద్యార్థి పద్యాలను ఉదాహరించక తప్పదు. ఆ పద్యాలు అంతర్జాలంలో యూనికోడ్‌లో ఉంటే యంత్రం వాటిని పట్టుకుంటుంది. ఉల్లేఖనాలను మినహాయించాలని నిబంధన చెబుతున్నా, ఆ పని ఎవరో ఒకరు కూర్చొని చేస్తే తప్ప జరగదు. అంతవరకు నిజాయితీగా పద్యం, ఆశ్వాసం, సంఖ్య చూపిన విద్యార్థికి శాతం ఎక్కువ వస్తుంది. అరవై ఏళ్లనాటి విమర్శ గ్రంథం నుంచి అధ్యాయం మొత్తం ఎత్తి రాసినవారికి సున్నా రావచ్చు.

3. గ్రాంథికం నుంచి వ్యావహారికానికి

తెలుగుకు ప్రత్యేకమైన మరో చౌర్యమార్గం మన భాషాచరిత్రలోనే ఉంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల విమర్శ చాలావరకు గ్రాంథికంలో వచ్చింది. నేటి విద్యార్థి రాసేది శిష్ట వ్యావహారికం. ఆ గ్రంథాల నుంచి తీసుకున్న వాక్యం భాషా రూపం మార్చుకోక తప్పదు. ఆ మార్పే దానికి ముసుగవుతుంది. స్పష్టత కోసం ఈ వ్యాసకర్త కల్పించిన ఒక ఉదాహరణ:

“ఈ కావ్యమునందు కవి వర్ణనములకంటె సంభాషణములకే ప్రాధాన్యమొసంగినాడు. అందుచేత కథాగమనము వేగము నందినది.”

దీన్ని విద్యార్థి ఇలా రాశాడనుకుందాం:

“ఈ కావ్యంలో కవి వర్ణనల కంటే సంభాషణలకే ప్రాముఖ్యం ఇచ్చాడు. అందువల్ల కథ నడక వేగం పుంజుకుంది.”

‘ఈ’, ‘కవి’ అన్న రెండు మాటలు తప్ప ఒక్క మాటా యథాతథంగా కలవదు. యంత్రం దృష్టిలో ఇది కొత్త రచన. కాని పరిశీలన, పోలిక, కార్యకారణ సంబంధం, వాక్యక్రమం అన్నీ మొదటి రచయితవే. రెండో రచయిత కావ్యం తెరవకుండానే ఈ వాక్యాలు రాయగలడు. చౌర్యం అసలు ఉన్నది అక్కడే. కావ్యాన్ని చదివినట్లు పాఠకుని నమ్మించడమే ఇందులోని అసత్యం. ఇంగ్లీషు, హిందీ, సంస్కృత విమర్శ నుంచి అనువదించి మూలం చెప్పని పుటలకూ ఇదే వర్తిస్తుంది. యంత్రానువాదం సులభమైన కొద్దీ ఈ మార్గం మరింత విశాలమవుతున్నది.

ఇక్కడ ఒక భేదం పాటించడం న్యాయం. మూలంలోని మాటలకు పర్యాయపదాలు వేసి వాక్యాన్ని అతుకులుగా కుట్టే రచనను రెబెకా మూర్ హోవర్డ్ మోసంగా కాక, తెలియని విద్యారంగ భాషను నేర్చుకునే దశగా పరిగణించాలని వాదించారు. మన తరగతి గదులకు ఈ పరిశీలన బాగా వర్తిస్తుంది. ఇంట్లో మొదటిసారిగా విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థికి విమర్శ పరిభాష పరాయి భాషే. ‘రసపోషణ’, ‘పాత్రచిత్రణ’, ‘వస్తునిర్వహణ’ వంటి మాటలను పుస్తకం ఎలా వాడిందో అలా వాడి చూడటం నేర్చుకోవడంలో భాగం. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో అతుకుల రచన కనిపిస్తే ఆచార్యుడు దాన్ని దిద్దాలి. సిద్ధాంత వ్యాసంలో కూడా అదే కనిపిస్తే, నడుమ ఉన్న ఏళ్లలో దిద్దినవారు ఎవరూ లేరని అర్థం.

4. అలంకారశాస్త్రం చెప్పినది, చెప్పనిది

మన సంప్రదాయంలో అనుకరణ దోషం కాదని, చౌర్యమన్న భావన పాశ్చాత్యమని ఒక సమర్థన అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఇది చారిత్రకంగా సరికాదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో కవుల ఉక్తుల మధ్య కనిపించే సంవాదాన్ని మూడు విధాలుగా విభజించాడు. అద్దంలో ప్రతిబింబం వంటిది మొదటిది, చిత్రపటం వంటిది రెండోది, ఒకే పోలిక గల ఇద్దరు మనుషుల వంటిది మూడోది. తనదైన ఆత్మ లేని మొదటి రెండింటినీ విడిచిపెట్టాలని, దేహం పోలినా ఆత్మ వేరైన మూడోదాన్ని విడిచిపెట్టనక్కరలేదని ఆయన నిర్ణయం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ చర్చను ఇంకా విస్తరించాడు. శబ్దహరణాన్ని పదం, పాదం, అర్ధం, వృత్తం, ప్రబంధం అని అయిదు స్థాయిల్లో చూశాడు. అర్థహరణాన్ని వేరుగా చర్చించాడు. శబ్దం మారినా అర్థం హరించబడవచ్చునన్న గుర్తింపు, పైన చూసిన వ్యావహారికీకరణ సమస్యకు నేరుగా సంబంధించినది. పోలిక సాధనం శబ్దహరణం దగ్గరే ఆగిపోయింది. పదో శతాబ్ది ఆలంకారికుడు దానికంటే ముందుకు వెళ్లాడు.

అయితే ఈ శాస్త్రాన్ని పరిశోధనకు యథాతథంగా అన్వయించడంలో ఒక పొరపాటు ఉంది. ఆలంకారికుల చర్చ కావ్యం గురించినది. కావ్యంలో ప్రశ్న రమణీయతకు, నూతనత్వానికి సంబంధించింది. పాత భావానికి కొత్త ప్రాణం పోసిన కవి ఎవరి దగ్గర తీసుకున్నాడో చెప్పకపోయినా కావ్యం చెడదు. పరిశోధన అలాంటిది కాదు. అందులో ప్రతి వాక్యం ఒక ప్రమాణాన్ని ఆశ్రయించి ఉంటుంది. ఆ ప్రమాణం ఎక్కడుందో తెలియకపోతే దాన్ని పరీక్షించడం సాధ్యం కాదు. తీసుకున్న భావాన్ని ఎంత మెరుగుపరచినా, అది ఎవరిదో చెప్పవలసిన బాధ్యత పరిశోధకునికి తప్పదు. కవికి దొరికే మినహాయింపును పరిశోధకుడు అడగడం అధికరణం మారిన వాదం.

పరిశోధకునికి ఆదర్శం కావలసినవాడు కవి కంటే వ్యాఖ్యాత. తెలుగువాడైన కోలాచల మల్లినాథసూరి మూలం లేనిదేదీ రాయనని, అపేక్షితం కానిదేదీ చెప్పనని తన వ్యాఖ్యానాల ఆరంభంలో నియమం చెప్పుకున్నాడు. కోశాన్ని ఉదాహరిస్తే కోశం పేరు, శాస్త్రాన్ని ఉదాహరిస్తే శాస్త్రకారుని పేరు చెప్పడం ఆ వ్యాఖ్యాన సంప్రదాయపు అలవాటు. పాదసూచిక మనకు పరాయిది కావచ్చు, దాని వెనుక ఉన్న నియమం పరాయిది కాదు.

పోలికను కొలవడం వేరు, చౌర్యాన్ని నిర్ణయించడం వేరు అనడానికి మన వ్యాకరణ చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణానికీ (1858), శిష్టు కృష్ణమూర్తిశాస్త్రి పేరిట ఉన్న సంస్కృత హరికారికావళికీ ఉన్న సంబంధం గురించి ఏది మూలం, ఏది అనువాదం అన్న వాదం నడిచింది. రెండూ పోలి ఉన్నాయన్నది ఇరుపక్షాలకూ సమ్మతమే. పోలిక ఎంత శాతమో తెలిసినా ఆ వాదం ఒక్క అడుగు కదలదు. దాన్ని తేల్చగలిగేవి రచనాకాలం, గ్రంథాంతర్గత సాక్ష్యం, సూత్రరచనా క్రమం. అవి శాస్త్రం తెలిసిన పాఠకుడు మాత్రమే పరిశీలించగలిగినవి.

5. మొదటి అధ్యాయం సమస్య

చౌర్యం వ్యాసమంతటా సమానంగా వ్యాపించి ఉండదు. అది ఎక్కువగా గూడుకట్టుకునేది మొదటి రెండు అధ్యాయాల్లో. ఒక నవలా రచయిత్రి మీద పరిశోధనకు మొదటి అధ్యాయం ‘తెలుగు నవల: ఆవిర్భావ వికాసాలు’. ఒక కథకుని మీద అయితే ‘తెలుగు కథానిక: పుట్టుక, పరిణామం’. రెండో అధ్యాయం ‘జీవితం, వ్యక్తిత్వం, రచనలు’. ఈ చట్రం దాదాపు ఆచారంగా స్థిరపడింది. విద్యార్థి పరిశోధించేది ఒక రచయిత్రి నవలల్లోని కుటుంబ సంబంధాల గురించి. అతన్ని మనం ముందుగా రాయమనేది నూట యాభై ఏళ్ల నవలా చరిత్ర. అందులో అతనికి కొత్తగా చెప్పవలసినది లేదు, చెప్పాలని ఎవరూ ఆశించరు కూడా. తనకు ప్రశ్న లేని చోట నలభై పుటలు నింపమంటే, ఉన్న పుస్తకం నుంచి దించడం తప్ప విద్యార్థికి ఏం మిగులుతుంది? ఆ అధ్యాయాన్ని ఆచార్యుడు శ్రద్ధగా చదవడు, పరీక్షకుడు దాటవేస్తాడు. ఎవరూ చదవరని తెలిసిన పుటలను ఎవరూ రాయరు, నకలు చేస్తారు.

దీనివల్ల కలిగే నష్టం నైతికమైనది మాత్రమే కాదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటిస్తూ ఆ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించాడు. దానిపై దీర్ఘమైన వాదోపవాదాలు జరిగాయి. ఒక విద్యార్థి ఆ ప్రతిపాదనను అంగీకరించిన పుస్తకం నుంచి ఒక పేరాను, అంగీకరించని పుస్తకం నుంచి మరో పేరాను పేర్లు చెప్పకుండా ఎత్తి రాస్తే, ఒకే వ్యాసంలో ఒకే కవి రెండు కాలాల్లో ఉంటాడు. తరువాతి విద్యార్థి ఆ వ్యాసం నుంచి తీసుకుంటాడు. మూడో తరంలో ఆ తేదీకి మూడు ఆధారాలు ఉన్నట్లు కనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒక్కటే, అదీ ఎవరిదో తెలియనిది. మూలం చెప్పని తప్పు సాక్షుల సంఖ్య పెంచుకుంటూ పోతుంది. సాహిత్య చరిత్రకు ఇంతకంటే పెద్ద హాని ఉండదు.

ఉపయుక్త గ్రంథసూచిలో జరిగే చౌర్యం ఇంకొకటి. ఒక విమర్శకుడు ఉదాహరించిన ప్రాచీన గ్రంథాన్ని విద్యార్థి ఆ విమర్శకుని పుటలోనే చూసి, పాదసూచికలో మాత్రం ప్రాచీన గ్రంథాన్ని నేరుగా చూసినట్లు చూపుతాడు. ఇక్కడ దొంగిలించినది వాక్యాన్ని కాదు, మరొకరి చదువును. ‘ఫలానా గ్రంథంలో ఉదాహృతం’ అన్న రెండు మాటలు చేరిస్తే ఇది నిజాయితీగల రచన అవుతుంది. ఆ మాటలు చేర్చడం విద్యార్థికి చిన్నతనంగా తోచడానికి కారణం, ఎక్కువ గ్రంథాలు చూపితేనే వ్యాసం గొప్పదన్న మన మూల్యాంకన పద్ధతే.

6. పూర్వపక్షం ఒక బోధనా పద్ధతిగా

నివారణ మార్గం కూడా మన శాస్త్ర పద్ధతిలోనే దొరుకుతుంది. పూర్వపక్షం అంటే ఎదుటివాని వాదాన్ని అతని పేరుతో, అతని బలంతో, వక్రీకరించకుండా ముందు చెప్పడం. ఆ తరువాతే సిద్ధాంతం. ఈ పద్ధతిలో రాసేవానికి ఇతరుల పేరు దాచే అవసరమే ఉండదు. పేరు చెబితేనే తన సిద్ధాంతానికి విలువ. పైన కల్పించిన ఉదాహరణనే ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

“ఈ కావ్యంలో వర్ణనల కంటే సంభాషణలకు ప్రాధాన్యం ఉందని, కథావేగానికి అదే కారణమని ఫలానా విమర్శకుడు గుర్తించాడు (గ్రంథం, పుట). మొదటి మూడు ఆశ్వాసాలకు ఈ పరిశీలన సరిపోతుంది. నాలుగో ఆశ్వాసంలో మాత్రం సంభాషణే కథను నిలిపివేస్తున్నది.”

మూడో వాక్యం రాయాలంటే విద్యార్థి నాలుగో ఆశ్వాసం చదవాలి. అతని పరిశోధన ఆ వాక్యంతో మొదలైంది. మొదటి వాక్యంలో విమర్శకుని పేరు చెప్పడం వల్ల అతనికి పోయిందేమీ లేదు. తన వాక్యం ఎక్కడ మొదలవుతుందో చూపించే గీత దొరికింది.

దీన్ని అభ్యాసంలోకి తేవడానికి మూడు పనులు శాఖల స్థాయిలోనే చేయవచ్చు. మొదటిది, ప్రక్రియా వికాసాన్ని వివరించే అధ్యాయాన్ని తొలగించి, దాని స్థానంలో పరిశోధనాంశంపై పూర్వ విమర్శకులు ఏమన్నారో, ఎక్కడ విభేదించారో చూపే పూర్వపక్ష అధ్యాయాన్ని పెట్టడం. నలభై పుటల చరిత్ర కంటే పదిహేను పుటల పూర్వపక్షం కష్టం. కాని దాన్ని ఏ ఒక్క పుస్తకం నుంచీ దించడం కుదరదు.

రెండోది, నోట్సు రాసుకునే పద్ధతిని నేర్పడం. చాలా సందర్భాల్లో చౌర్యం వ్యాసం రాసేటప్పుడు కాక, రెండేళ్ల ముందు గ్రంథాలయంలో నోట్సు రాసుకున్న రోజునే జరిగిపోతుంది. గుర్తులు లేకుండా ఎత్తి రాసుకున్న వాక్యం తరువాత తన వాక్యంలాగే కనిపిస్తుంది. యథాతథంగా తీసుకున్న వాక్యం, తన మాటల్లో సంగ్రహం, తనకు తోచిన ఆలోచన, ఈ మూడింటినీ వేరు వేరు గుర్తులతో, పుట సంఖ్యతో రాసుకోవాలి. సంగ్రహం రాసేటప్పుడు పుస్తకం మూసి రాయాలి, తరువాత తెరిచి సరిచూసుకోవాలి. పిహెచ్.డి. విద్యార్థులకు పరిశోధన, ప్రచురణ నీతిపై రెండు క్రెడిట్ల పాఠ్యాంశం ఉంది. అందులో ఈ అభ్యాసాన్ని తెలుగు విమర్శ పుటలతోనే చేయించాలి. గ్రాంథిక పేరాను వ్యావహారికంలో సంగ్రహించి మూలం చూపించడం అందులో తప్పనిసరి కావాలి.

మూడోది, శాతం వచ్చిన తరువాత మనిషి చదవడం. నిబంధనలే శాఖాస్థాయి సంఘాన్ని నిర్దేశిస్తున్నాయి. ఆ సంఘం అంకెను ధ్రువీకరించడానికి పరిమితం కాకూడదు. ఉదాహృత పద్యాలను లెక్క నుంచి తొలగించాలి. శాతం తక్కువగా ఉన్న వ్యాసాల్లోనూ భాష ఒక్కసారిగా మారిన పుటలను గుర్తించాలి. శిష్ట వ్యావహారికం నడుమ అకస్మాత్తుగా వచ్చే ‘ఒనర్చెను’, ‘గావించిరి’ వంటి రూపాలు ఏ సాధనమూ ఇవ్వని సూచనలు. మౌఖిక పరీక్షలో అలాంటి పుట తెరిచి, ఈ అభిప్రాయానికి మీరెలా వచ్చారని విద్యార్థిని అడిగితే చాలు. అయితే ఆ ప్రశ్న పట్టా ఇచ్చే రోజున కాక, రెండో సంవత్సరం సమీక్షలోనే అడగాలి. అప్పుడు అది దిద్దుబాటు అవుతుంది. చివర అడిగితే శిక్షే అవుతుంది.

7. ముగింపు

ఈ ప్రతిపాదనలకు ఆచార్యుల సమయం ఖర్చవుతుంది. ఎక్కువమంది విద్యార్థులు, తక్కువమంది అధ్యాపకులు ఉన్న శాఖల్లో ఇది తేలిక కాదన్న అభ్యంతరం సహేతుకమే. కాని చదవకుండా సంతకం చేసిన ధ్రువపత్రం కూడా పరుల కృషిని తమదిగా చూపే పత్రమే. చదివినట్లు చెప్పుకోవడం, చదవకపోవడం అన్న లక్షణంలో విద్యార్థి చౌర్యానికీ దానికీ తేడా లేదు.

శ్రీనాథుని పరిహసించిన పండితులు డుమువులను మాత్రమే చూశారు. పోలిక యంత్రం కూడా డుమువులనే చూస్తుంది. తేడా ఏమంటే వారు మారిన డుమువుల వెనుక ఉన్న మూలాన్ని గుర్తుపట్టగలిగారు, యంత్రం గుర్తుపట్టలేదు. నైషధం చదివినవారు కనుకనే వారికి అది సాధ్యమైంది. తెలుగు శాఖల్లో గ్రంథచౌర్యానికి నిజమైన అడ్డుకట్ట, మన విమర్శ గ్రంథాలను ఆ పండితుల్లా చదివి గుర్తుంచుకున్న పాఠకుల సంఖ్యే. ఆ సంఖ్యను పెంచడం తెలుగు శాఖల మొదటి పని. దానికి కొత్త నిబంధన అక్కరలేదు.